అయినవాళ్లకే పెట్టిన మట్టి

ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు కట్టకింద బెస్తవాడలో చివరి ఇల్లు మంత్రసాని ఈదమ్మది. నేను పుట్టినప్పుడు నన్ను మొదట పట్టుకున్నవి ఆమె చేతులేనని మా అమ్మ చాలాసార్లు చెప్పేది. నేనొక్కడినే కాదు, చుట్టుపక్కల నాలుగూళ్లలో నా ఈడువాళ్లంతా ఆ చేతుల మీదుగా ఈ లోకంలోకి వచ్చినవాళ్లే. ఆమె గురించి రాయాలని ఎన్నో ఏళ్లుగా అనుకుంటూ ఉన్నా, కూర్చుంటే మనసు ఒప్పేది కాదు. ఇప్పుడు ఆమె లేదు, ఆమె కూతురూ లేదు. భగవంతుడి దగ్గర తల్లీకూతుళ్లు ఈపాటికి మాట్లాడుకునే ఉంటారు.

ఈదమ్మ మొగుడు మల్లయ్య పెండ్లయిన ఆరేండ్లకే జ్వరంతో పోయాడు. మిగిలింది ఒక కూతురు, ఒక ఆవు, అత్త నేర్పిన మంత్రసాని పని. ఏ ఇంటికి పిలిచినా గడప ముందు కాళ్లు కడుక్కుని, "పోచమ్మ తల్లీ, చెయ్యి నాది, పని నీది" అనుకుని లోపలికి వెళ్లేది. పురుడు ఒక్కటే పోసి వచ్చే మనిషి కాదు. పొయ్యి రాజేసి జొన్నగంజి కాచేది. బాలింతకు తల దువ్వేది. ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్లను పక్కింట్లో కూర్చోబెట్టి, చేతిలో ఇంత బెల్లం ముక్క పెట్టి వచ్చేది. నొప్పులు పడే ఆడమనిషి పండ్లు బిగబట్టుకుని ఊరుకుంటే ఊరుకునేది కాదు.

"ఏడ్వు బిడ్డా, గట్టిగ ఏడ్వు. బైట నీ మొగడు బీడీ తాక్కుంట కూసున్నడు. జర ఆయనకు గూడ ఇనబడనీ" అనేది. అంత నొప్పిలోనూ వాళ్లకు నవ్వొచ్చేది.

అవి రజాకార్ల రోజులు. పగలు వీళ్లు, చీకటి పడితే నిజాం మీద తిరగబడ్డ సంగపువాళ్లు. ఎవరింటికి ఎవరు వెళ్తున్నారో చూసేవాళ్లు, చూసింది ఇంకొకరి చెవిన వేసేవాళ్లు. ఈదమ్మ మాత్రం నిజాం సర్కారు మనిషి పోలీసు పటేలు ఇంట్లో పురుడు పోసింది, కొడుకు సంగంలో కలిసిన ఇంట్లో కోడలికీ పోసింది. ఒకసారి తుపాకులవాళ్లు దారిలో ఆపి, ఎక్కడినుంచి వస్తున్నావని గద్దించారు.

"పిల్లలు పుట్టెకాడికెల్లి. మీరు గూడ గాడికెల్లే వచ్చిండ్రు గద కొడుకా" అన్నది. వాళ్లు నవ్వి వదిలేశారు.

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి. బిడ్డ బొడ్డు కోశాక నూలుదారంతో ముడివేసి, ఆ గాయం మీద పొయ్యిలోంచి అప్పుడే తీసిన బూడిద అద్దడం అప్పటి పద్ధతి. ఈదమ్మ అన్ని ఇండ్లలోనూ అదే చేసేది. అయితే మనసుకు బాగా దగ్గరైన నాలుగైదు ఇండ్లకు మాత్రం ఆమె ఇంకొకటి తీసుకుపోయేది. సాయంత్రం ఆవు మేతనుంచి రాగానే, కొట్టంలోకి పోనీయకుండా ఆపి, ముందటి కాలు పైకెత్తి, డెక్క సందులో ఇరుకున్న మట్టిని పుల్లతో గీరి తీసేది. దాన్ని నీడలో ఆరబెట్టి, పసుపు కలిపి, చిన్న గుడ్డలో మూటగట్టి పెట్టుకునేది. ఆవు కాలికింద లక్ష్మి ఉంటుందని, ఆ మట్టి బొడ్డుమీద పడిన బిడ్డకు నూరేండ్లు ఢోకా లేదని ఆమె అత్త చెప్పింది. ఆవు తన్నకుండా, మట్టి నేలరాలకుండా తీయడం చాలా ఓపికతో కూడిన పని. అందుకే అది అందరికీ పెట్టేది కాదు. అయినవాళ్లకే.

అలా పెట్టిన ఇండ్లలో ఒకటి ఆమె చిన్ననాటి స్నేహితురాలు నర్సింహమ్మది. నర్సింహమ్మ మొదటి కొడుకు ఎనిమిదో రోజున చనిపోయాడు. ఆ కాలంలో ఏ ఇంట్లో పిల్లలు పోలేదు గనుక? ఎవరూ ఏమీ అనుకోలేదు.

ఈదమ్మ కూతురు పోశమ్మను నాదర్‌గుల్‌లో జంగయ్యకు ఇచ్చారు. పురుళ్లన్నీ తల్లిగారింట్లోనే. మొదటి కొడుకు ఏడో రోజున పాలు పట్టడం మానేశాడు. దవడలు బిగుసుకుపోయాయి. చిన్న చప్పుడైనా చాలు, ఒళ్లంతా వెనక్కి విల్లులా వంగేది. మర్నాడు పోయాడు. రెండేండ్లకు ఇంకొకడు పుట్టి, వాడూ అలాగే పోయాడు. మట్టి తక్కువైందేమో, పసుపు ఎక్కువైందేమో అని ఈదమ్మ మథనపడింది. మూడోసారి ఆడపిల్ల పుట్టినప్పుడు మూడు రోజులు వరుసగా మట్టి గీరి తెచ్చి, పొద్దున ఒకసారి, మాపు ఒకసారి అద్దింది.

ఆ పిల్ల ఆరో రోజుకే బిగుసుకుంది. హకీం సాబు వచ్చి చూర్ణం తేనెలో రంగరించి ఇచ్చాడు. నాలుక మీద వేస్తే లోపలికి పోలేదు. ఎవరో తాయెత్తు తెచ్చి కట్టారు. చివరికి జంగయ్య బిడ్డను గుడ్డలో చుట్టుకుని సర్కారు దవాఖానకు పరుగెత్తాడు. డాక్టరు చూసి, ఇది ధనుర్వాతమని, చెయ్యి దాటిపోయిందని ఉర్దూలో రెండు ముక్కలు చెప్పి లేచాడు. ఎందుకొచ్చిందో అడిగే ధైర్యం జంగయ్యకు లేకపోయింది. పిల్ల అక్కడే పోయింది.

అక్కడ కంపౌండరు ఇశ్రాయేలు అనే అతను ఉండేవాడు. మెదక్ దిక్కు మనిషి, క్రైస్తవుడు. ఏదో మిషన్ దవాఖానలో పని నేర్చుకుని వచ్చాడు. చచ్చిపోయిన బిడ్డతో నడిచి వెళ్లే తండ్రిని చూడలేక, చెరువు కట్టదాకా పక్కన నడిచి వచ్చాడట. విడిపోయేముందు జంగయ్య భుజం మీద చెయ్యి వేసి, "అన్నా, మల్ల కడుపొస్తే జర నాకు ముందుగాల్నే చెప్పు" అని మాత్రం అన్నాడు.

వలలు ఆరేసేచోట ఆడవాళ్లు గుసగుసలాడుకునేవాళ్లు. "ఊరందరికి పిల్లలనిచ్చే చెయ్యి, కన్నబిడ్డ కాడికొచ్చేసరికి ఎండిపాయె" అని ఎవరో అన్న మాట ఈదమ్మ చెవినపడింది. ఆమె పోచమ్మకు మొక్కింది. నాలుగో బిడ్డ బతికితే నడిచివచ్చి బోనం పెడతానన్నది.

యూనియన్ సైన్యం హైదరాబాదు రాజ్యంలోకి వచ్చిన ఆ వారమే పోశమ్మకు నెలలు నిండాయి. వినాయక చవితి వెళ్లి పది రోజులు కాలేదు. జంగయ్య ఈసారి పురుడు హైదరాబాదు పట్నంలోని ఆడవాళ్ల జెనానా దవాఖానలోనే అని పట్టుబట్టి బండి కట్టాడు. దారిమీద చెట్లు నరికి అడ్డం వేసి ఉన్నాయి. తుపాకులవాళ్లు బండిని వెనక్కి తిప్పారు. పైన విమానాలు తిరుగుతున్నాయి. సర్కారు డాక్టరు కుటుంబంతో సహా ఎటో వెళ్లిపోయాడు. దవాఖానలో మిగిలింది ఇశ్రాయేలు ఒక్కడే. జంగయ్య పోయి అతన్ని పిలుచుకొచ్చాడు.

ఇశ్రాయేలు కాగితంలో చుట్టిన కత్తెర, మరగబెట్టి ఆరేసిన గుడ్డపేలికలు తెచ్చాడు. గుమ్మం బయటే నిలబడి, ఏం చేయాలో ఈదమ్మకు చెప్పసాగాడు.

"చేతులు సబ్బుతోని మోచేతుల దాంక కడుక్కో పెద్దమ్మా. కత్తెర నీళ్లల్ల కుతకుత ఉడకాలె. దారం గూడ. కోసినంక బొడ్డు మీద ఏం పెట్టొద్దు. గీ పేలిక సుట్టి ఇడిసిపెట్టు."

"ఏం పెట్టొద్దా?"

"ఏం పెట్టొద్దు."

"బూడిద?"

"బూడిద వద్దు, నూనె వద్దు, పసుపు వద్దు."

ఈదమ్మ నడుముకు చేతులు పెట్టుకుంది. "ఇరువై అయిదేండ్ల సంది పురుడు పోస్తున్న. మొగోనివి, నాకే చెప్పవడితివి. నువ్వెన్నడన్న కన్నవా?"

"కనలే పెద్దమ్మా. మా ఇంటామె మూడు కాన్పులప్పుడు మూడుసార్లు తిట్లు మాత్రం తిన్న."

లోపలినుంచి పోశమ్మ నొప్పుల మధ్యనే నవ్వింది. ఆ నవ్వు విని ఈదమ్మ కొంచెం మెత్తబడింది. అయినా ఒప్పుకోలేదు. అప్పుడు జంగయ్య, ఎన్నడూ అత్త ముందు గొంతు పెంచనివాడు, ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అత్తా, మూడుసార్లు నీ తీరుగ అయింది. గీ ఒక్కసారి గీయన తీరుగ కానియ్యి. గీ బిడ్డ పోయినా నిన్ను అననే అన. నేనే తెచ్చిన, నేనే పోగొట్టుకున్న అనుకుంట."

ఆమె అల్లుడి ముఖం చూసి, "సరే" అన్నది.

మధ్యాహ్నం మగపిల్లవాడు పుట్టాడు. ఈదమ్మ ఇశ్రాయేలు చెప్పినట్టే చేసింది. ఒక్కటీ తప్పలేదు. కాని ఆ ఎనిమిది రోజులూ ఆమె ఎలా గడిపిందో మా అమ్మ చెప్తుంటే నాకు కళ్లు చెమర్చేవి. బొడ్డు మీద ఏమీ లేకుండా, బోసిగా, రక్షలేకుండా ఉన్న బిడ్డను చూసి ఆమె తల్లడిల్లిపోయేది. అల్లుడి మాటకు కట్టుబడి చేతులారా మనవణ్ణి చంపుకుంటున్నానని అనుకునేది. మట్టిమూట కొంగున కట్టుకునే తిరిగింది. నాలుగో రోజున తల్లీబిడ్డా నిద్రపోతున్నప్పుడు మూట విప్పి, రెండు వేళ్లతో మట్టి తీసి, బిడ్డ మీదికి వంగింది. పేలిక కొస కూడా ఎత్తింది. అంతలో పిల్లవాడు నిద్రలో పెదవులు చప్పరించాడు. ఇచ్చిన మాట గుర్తొచ్చి, మట్టిని తిరిగి మూటలో కట్టేసుకుంది. ఆరో రోజునుంచి అన్నం ముట్టలేదు.

ఈలోగా రాజ్యం మారింది. తుపాకులవాళ్లు కనబడకుండాపోయారు. దవాఖాన మీద మూడురంగుల జెండా ఎక్కింది. బెస్తవాడలో ఆ ఇంట్లోవాళ్లు మాత్రం జెండా వైపు చూడలేదు. బిడ్డ నోటివైపే చూశారు.

ఏడో రోజు పాలు తాగాడు. ఎనిమిదో రోజు పాలు తాగాడు. తొమ్మిదో రోజున బొడ్డు తనంతట తానే ఊడి పడింది. కింద చర్మం చెక్కు తీసిన కందలా తేటగా ఉంది. వాడికి బుగ్గయ్య అని పేరు పెట్టారు.

ఈదమ్మ ఆ పొద్దున్నే నాలుగు కొర్రమీనులు తాటాకు బుట్టలో పెట్టుకుని ఇశ్రాయేలుకిద్దామని దవాఖానకు వెళ్లింది. అతను ఎవరికో పుండు కడుగుతున్నాడు. అయ్యేదాకా ఓపికగా కూర్చుంది. తర్వాత అతని గడ్డం పట్టుకుని ముద్దాడింది.

"కొడుకా, ఒక్క మాట చెప్పు. ఆ ముగ్గురు ఎందుకు పోయిన్రు? పోచమ్మకు మేమేం తక్కువ చేసినం?"

"తల్లికేం తక్కువ చెయ్యలే పెద్దమ్మా. మట్టిల, పెండల కంటికి అగుపడని పురుగుంటది. పచ్చి గాయంల పడితే గా జబ్బొస్తది. ఎనకట బొడ్డు మీద ఏం పెట్టేదానివి? బూడిదేనా?"

"ఊరందరికి పొయ్యిల బూడిద. నా బిడ్డ పోశికి మాత్రం..." ఆమె గర్వంగానే చెప్పింది. "ఆవు డెక్క సందుల మట్టి. సొంత చేతులతోని గీరి తెచ్చి."

ఇశ్రాయేలు మిగిలిన దూదిని సీసాలో కుక్కి మూత పెట్టాడు. తర్వాత అన్నాడు, "గదేం గాదు లే పెద్దమ్మా. బొడ్డు కోసిన కత్తి మంచిది గాకుండె గావచ్చు. ఎన్నిట్ల నుంచో వస్తది అది."

అతను అబద్ధం చెప్పడం చేతగాని మనిషి. చెప్తూ చెప్తూ ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. ఎన్నో ఇండ్లలో పోయిన బిడ్డల్ని పట్టుకుని, తల్లులకు ఏం చెప్పాలో తెలియక ఈదమ్మ కూడా అలాగే గోడ వైపు తిరిగిన మనిషే. ఆ తిరగడం ఆమెకు తెలుసు.

"కత్తి అందరికి గదే కత్తి కొడుకా" అన్నది మెల్లగా.

అతను వచ్చి కింద ఆమె పక్కనే కూర్చున్నాడు. "నీకు తెల్వది పెద్దమ్మా. తెల్వక చేసింది దేవుడు లెక్కవెట్టడు. బిడ్డకు మాత్రం చెప్పకు. ఆమె తట్టుకోదు."

ఈదమ్మ ఇంటికి వచ్చేసరికి పోశమ్మ ఒడిలో బిడ్డను పెట్టుకుని, ఐదారేండ్లలో ఎవరూ చూడని నవ్వుతో కూర్చుని ఉంది. "అవ్వా" అని తల్లిని పిలిచింది. "ఈసారి పోచమ్మ తల్లి సల్లగ సూసింది. నువ్వు ఎనకట పెట్టిన మట్టి పున్నెమే ఇప్పుడు అక్కరకొచ్చింది కావచ్చు. నాకు గూడ నేర్పియ్యి. రేపు నా కోడలు కంటే నేను పెడ్త."

ఆ మాటే అనకపోతే ఈదమ్మ ఇశ్రాయేలు చెప్పినట్టు నోరు మూసుకునేదేమో. గుమ్మంలోనే కూర్చుంది. కొంగున ఉన్న మూట విప్పి కింద పెట్టి, దవాఖానలో విన్నదంతా చెప్పింది. నడుమ ఒక్కసారి కూడా ఆగలేదు.

పోశమ్మ బిడ్డను ఒడిలోంచి తీసి, తనకు అటువైపు, తల్లికి అందని దిక్కున పడుకోబెట్టింది.

"తెలిసి చేసినవా?"

"లే బిడ్డా. పానం పెట్టి చేసిన."

"మరి ఎందుకు చెప్పినవే? ముగ్గురిని పోచమ్మ తల్లి కొంచవోయింది అనుకున్న. తల్లి ఒడిల ఉన్నరనుకున్న. ఇప్పుడు ఎవల ఒడిల ఉన్నరని అనుకోవాలె నేను?"

"చెప్పకుంటే నువ్వు పెడ్తవ్. నీ కోడలు దాని కోడలికి నేర్పిస్తది."

పోశమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. జంగయ్య సాయంత్రం వచ్చి విషయం తెలుసుకుని, అత్తను ఒక్క మాట అనలేదు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు. కాని మూడో నెలదాకా ఉండాల్సిన బాలింత ఇరవయ్యొకటో రోజునే నాదర్‌గుల్ బండి ఎక్కింది. ఈదమ్మ బండి వెనక కట్టదాకా నడిచింది. పోశమ్మ వెనక్కి తిరిగి చూడలేదు.

తర్వాత ఈదమ్మ ఇల్లిల్లూ తిరిగింది. మట్టి పెట్టిన నాలుగైదు ఇండ్లకు వెళ్లి, బిడ్డ బతికినచోటా చెప్పింది, చనిపోయినచోటా చెప్పింది. ఒక ఇంట్లో తలుపు వేసుకున్నారు. ఒకామె దుమ్మెత్తి పోసింది. అందరికంటే చివర నర్సింహమ్మ దగ్గరికి వెళ్లి, గడప బయటే నిలబడి చెప్పింది. నర్సింహమ్మ అంతా విని, లోపలికి పోయి చాలాసేపు రాలేదు. కళ్లు తుడుచుకుని చెంబుతో చల్ల పట్టుకొచ్చింది.

"పొద్దున్నించి ఏమన్న తిన్నవా? ఏడ తింటవ్ నువ్వు. కూసో. ఇది తాగు" అన్నది.

ఈదమ్మ ఆ చల్ల తాగలేక తాగింది. ఇరవై ఏండ్ల కిందట పోయిన కొడుకు పేరు ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. లోకంలో ఇంత దయ ఎక్కడినుంచి వస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు.

బోనం మొక్కు మాత్రం తీర్చింది. తర్వాత ఇశ్రాయేలు బతిమాలితే దవాఖానలో పని నేర్చుకుని, ఉడికించిన కత్తెరతో మళ్లీ ఇండ్లకు వెళ్లడం మొదలుపెట్టింది. కొత్త సైన్యం సంగపువాళ్ల కోసం ఊళ్లు గాలిస్తున్న ఆ మూడేండ్లలో, క్యాంపు పెట్టిన ఊళ్లలోకి కూడా సంచి పట్టుకుని నడిచింది. ఆ మూడేండ్లలో ఆమె చేతిలో ఒక్క బిడ్డ కూడా బిగుసుకుని పోలేదని ఇశ్రాయేలు చెప్పేవాడు. ఆ మాట చెప్తే సంతోషపడుతుందనుకునేవాడు. ఆమె లేచి అక్కడినుంచి వెళ్లిపోయేది. నవ్వించే మాటలు మానేసింది. నాదర్‌గుల్‌నుంచి కబురు రాలేదు.

సంగపువాళ్లు తుపాకులు దించిన సంవత్సరం జంగయ్య బండి కట్టుకుని వచ్చాడు. "అత్తా, పోశికి ఆడపిల్ల పుట్టింది. పట్నం దవాఖానల. పది రోజులాయె. నిన్ను రమ్మంది" అన్నాడు. ఈదమ్మ ఒంటిమీది చీరతోనే బండెక్కింది.

పోశమ్మ మంచంమీద కూర్చుని ఉంది. చిక్కిపోయింది. మూడేండ్ల బుగ్గయ్య తల్లి భుజం వెనక దాక్కుని, "ఎవలమ్మా గీమె?" అని అడిగాడు. పోశమ్మ వాడి చెయ్యి పట్టుకుంది.

"మా అవ్వ."

ఈదమ్మ రెండడుగులు ముందుకు వేసింది. పోశమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. కోపంగా కాదు. కండ్లనిండా నీళ్లున్నాయి.

"సూడు అవ్వా. సూడనీకే రమ్మన్న. ముట్టకు."

"ముట్ట బిడ్డా" అన్నది ఈదమ్మ.

రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, అక్కడే నిలబడింది. పోశమ్మ గుడ్డ తొలగించి బిడ్డను చూపించింది. పిల్ల కాళ్లు ఆడించింది. పెద్దావిడ ఊపిరి బిగబట్టి, తల వంచి, కండ్లతోనే నెత్తినుంచి పాదాలదాకా చూసింది. జంగయ్య గుమ్మంలో నిలబడి నేల వైపు చూస్తున్నాడు. ఆమె ఆ ఇంట్లో నీళ్లు కూడా అడగలేదు. పొద్దువాలకముందే తిరుగుబండి ఎక్కింది.

బండి ఊరు దాటింది. తర్వాత ఎద్దుల గంటల చప్పుడులో, ఎవరికో ఒప్పజెప్తున్నట్టు అన్నది:

"బొడ్డు మంచిగ మానింది అల్లుడా. మస్తు మంచిగ మానింది."

జంగయ్య పగ్గాలు వదులుచేసి ఎద్దుల్ని మెల్లగా నడవనిచ్చాడు. ఇబ్రహీంపట్నం వచ్చేదాకా వెనక ఆమె ఏడుస్తూనే ఉంది. అతను వెనక్కి తిరిగి చూడకుండా, ఆమెను ఏడవనిచ్చాడు.